ఇరవై ఎనిమిదో ఫారం

ఆమె అసలు పేరు జీతాల రిజిస్టరులో ఉంది. అక్కడ తప్ప మరెక్కడా వినబడదు. గ్రంథాలయానికి వచ్చేవాళ్లకీ, వీధిలోవాళ్లకీ, చివరికి ఇంటాయనకీ ఆమె జిగురక్కే. ఎప్పుడు చూసినా వేళ్ల సందుల్లో మైదా జిగురు ఎండి తెల్లగా మెరుస్తూ ఉండేది కాబట్టి ఆ పేరు పడింది. ఎవరు పెట్టారో తెలియదు గానీ చక్కగా అతికింది.

గ్రంథాలయం వెనక, సైకిళ్లు పెట్టుకునే చోటుకు ఆనుకుని ఆమె గది. ఒక పొడవాటి బల్ల, రెండు బిగింపు చెక్కలు, గోడకు కొట్టిన మేకులకు వేలాడే దారపు కండెలు, మూలన అట్టల దొంతర, ఒకే ఒక్క కిటికీ. కాపురానికి వచ్చిన రెండో ఏడు మామగారి దగ్గర పుస్తకాలు కుట్టడం నేర్చుకుంది. ఆయన పోయాక ఆ పని ఈమెకు వచ్చింది. ముప్ఫై ఏళ్లలో వేల పుస్తకాలు ఆ చేతుల మీదుగా పోయాయి. ఒక్కటీ చదవలేదు. ఏడో తరగతితో చదువు ఆగిపోయింది. రోజంతా పుస్తకాలతో కుస్తీ పట్టి ఇంటికి వెళ్లినవాళ్లకు మళ్లీ పుస్తకం ముట్టుకోబుద్ధి ఎక్కడేస్తుంది?

చదవకపోయినా పుస్తకాల గుట్టు ఆమెకు బాగా తెలుసు. పుస్తకాన్ని మూసి అంచుల మీద బొటనవేలు పెట్టి ఒక్కసారి గీస్తే చాలు, ఎంతమంది చదివారో, ఎక్కడ ఆపేశారో చెప్పేసేది. చదివినంత మేరా కాగితం చేతి చెమటకు మెత్తబడి మట్టిరంగుకు తిరిగి ఉంటుంది. ఆపేసిన చోటు నుంచి ప్రెస్సులో నుంచి ఇప్పుడే వచ్చినట్టు బిరుసుగా ఉంటుంది. "ఇది ఎనభయ్యో పేజీ దగ్గర ప్రాణం విడిచింది మేడం" అని ఆమె అంటే, కొత్తగా వచ్చిన లైబ్రేరియనమ్మాయి పకపకా నవ్వేది.

అలా ప్రాణం విడిచిన వాటిలో అన్నిటికంటే పెద్దది 'ఇటుక'. దానికి అందమైన పేరే ఉంది గానీ ఎనిమిది వందల నలభై ఎనిమిది పేజీల ఆ నవలను సిబ్బంది అంతా ఇటుక అనే పిలిచేవారు. ఆ ఊళ్లోనే పుట్టి, ఎప్పుడో పోయిన ఒక మహానుభావుడు రాశాడు. నది మీద వంతెన కట్టిన ఒక తాపీమేస్త్రీ కథ. దాన్ని పొగడనివారు లేరు. పొగిడినవారిలో చదివినవారు ఎందరో మాత్రం ఎవరూ లెక్క తీయలేదు.

పొగిడేవాళ్లలో మొదటి వరస జిగురక్క పెద్దాడపడుచుది. బడిలో ఇరవై ఎనిమిదేళ్లు సాహిత్యం చెప్పి రిటైరైన టీచరమ్మ ఆవిడ. ఇంట్లో నలుగురు కలిసి భోజనానికి కూర్చుంటే, కంచాలు పెట్టేలోపే ఇటుక ప్రస్తావన వచ్చేది. ఒకసారి జిగురక్క వడ్డిస్తూ వడ్డిస్తూ మాట వరసకు అడిగింది.

"అంత గొప్పగా అందులో ఏముంది వదినా?"

"నీకు చెప్పినా ఎక్కదులే మరదలా" అంది టీచరమ్మ, చెయ్యి గాల్లో ఆడిస్తూ. "పుస్తకం కుట్టడం వేరు, చదవడం వేరు. దానికో స్థాయి ఉండాలి."

జిగురక్క భర్త నీళ్ల మోటార్లు బాగుచేసే మనిషి, సహజంగానే మెతక. ఆయన తల వంచుకుని తింటూ కూర్చున్నాడు. జిగురక్క నవ్వేసి వంటింట్లోకి వెళ్లింది. కానీ ఆ మాట చేపముల్లులా గొంతులో ఎక్కడో ఉండిపోయింది.

ఒక ఉదయం లైబ్రేరియనమ్మాయి రెండు చేతులతో ఇటుకను మోసుకొచ్చి బల్ల మీద దించింది. మరో ఏడు నెలల్లో రచయితకు నూరేళ్లు నిండుతాయి. కమిటీ పెద్ద సభ పెడుతోంది. అధ్యక్షుడు ఊళ్లో పేరున్న ప్లీడరు. పుస్తకాన్ని మంచి తోలు అట్టతో, బంగారు అక్షరాలతో కుట్టించి అద్దాల పెట్టెలో పెట్టమన్నాడు.

"చదవడానికి కాదక్కా, చూడ్డానికి" అంది అమ్మాయి.

అట్ట ఊడి, వెన్ను విరిగి ఉంది పుస్తకం. అది చదివి చదివి అరిగింది కాదు. ఏళ్ల తరబడి పై అంతస్తు కిటికీ తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టిన ఫలితం. జిగురక్క అలవాటు కొద్దీ అంచు మీద వేలు గీసింది. మట్టిరంగు తొంభై ఆరో పేజీ దగ్గర గీత గీసినట్టు ఆగిపోయింది. ఆపైన అంతా తెలుపే.

పాత దారం తెంపి ఫారాలు విడదీసింది. ఒక పెద్ద కాగితం మీద పదహారు పేజీలు అచ్చువేసి మడిస్తే ఒక ఫారం. ఇలాంటివి ఇటుకలో యాభై మూడు. కుట్టే ముందు ప్రతి ఫారం అడుగున ఉండే చిన్న అంకె చూసి వరస సరిచూసుకోవాలి. మామగారు నేర్పిన మొదటి పాఠం అది. ఇరవై ఐదు, ఇరవై ఆరు, ఇరవై ఏడు... మళ్లీ ఇరవై ఏడు. ఆ తర్వాత ఇరవై తొమ్మిది.

జిగురక్క కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూసింది. సందేహం లేదు. నాలుగు వందల ముప్ఫై రెండో పేజీ తర్వాత మళ్లీ నాలుగు వందల పదిహేడు వస్తోంది. ఆ పదహారు పేజీలూ రెండోసారి నడిచి, ఆపైన ఏకంగా నాలుగు వందల నలభై తొమ్మిదిలో పడుతోంది. ఇరవై ఎనిమిదో ఫారం లేనే లేదు. అచ్చువేసిన నాడే జరిగిన పొరపాటు. పుస్తకం గ్రంథాలయానికి వచ్చి ముప్ఫై ఒక్క ఏళ్లు.

లోపలికి వెళ్లి పాత రిజిస్టర్లు తీయించింది. ఈ ముప్ఫై ఒక్క ఏళ్లలో డెబ్భై నలుగురు దాన్ని ఇంటికి తీసుకెళ్లారు. ప్రొఫెసర్లున్నారు, హెడ్మాస్టర్లున్నారు, కమిటీ అధ్యక్షుడున్నాడు. టీచరమ్మ రెండుసార్లు తీసుకెళ్లింది. 'మధ్యలో పేజీలు లేవు' అని ఒక్కరంటే ఒక్కరు ఫిర్యాదు చేయలేదు.

జిగురక్కకు నవ్వు పొట్టలో మొదలైంది. ఆపుకుందామంటే ఆగలేదు. రిజిస్టరు ఒళ్లో పెట్టుకుని, స్టూలు మీద కూలబడి, కళ్ల వెంట నీళ్లు కారేదాకా నవ్వింది.

లైబ్రేరియనమ్మాయి మాత్రం నవ్వలేదు. మొహం ఎర్రబడింది. "నేనూ చదివానని పరీక్షలో నాలుగు పేజీలు రాశానక్కా" అంది మెల్లగా. "మార్కులు కూడా బాగానే వచ్చాయి."

అధ్యక్షుడికి చెబితే తేలిగ్గా తీసిపారేశాడు. "అద్దాల పెట్టెలో పెట్టేదానికి లోపల ఏముంటే ఏంటమ్మా? కుట్టెయ్."

"కుట్టను సార్" అంది జిగురక్క. ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని తెలిసి ఆమే కాస్త ఉలిక్కిపడింది. అయినా వెనక్కి తీసుకోలేదు. "తప్పు ఫారం మీద నేను సూది దించను. మా మామగారు నేర్పింది అది కాదు."

ఇక వేట మొదలైంది. ప్రచురించిన సంస్థ ఎప్పుడో మూతపడింది. కాలేజీ గ్రంథాలయంలో ఇంకో ప్రతి ఉంటే జిగురక్క స్వయంగా వెళ్లి చూసింది. అందులోనూ రెండు ఇరవై ఏడో ఫారాలు పక్కపక్కనే కవలల్లా కూర్చున్నాయి. అక్కడా ఫిర్యాదు లేదు. చివరికి లైబ్రేరియనమ్మాయి నోటీసు బోర్డు మీద కాగితం అంటించింది: ఫలానా నవల పూర్తి ప్రతి ఎవరి దగ్గరైనా ఉంటే దయచేసి తెలపండి.

తొమ్మిదో రోజున ఒక ముసలాయన వచ్చాడు. సన్నగా, నిటారుగా, చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుని ఉన్నాడు. పాత కోర్టు భవనంలో ముప్ఫై ఆరేళ్లు లిఫ్టు నడిపిన మనిషి. చంకలో తువ్వాలు చుట్టిన ఇటుక ఉంది.

"ఏ పేజీలు పోయాయి?" అన్నాడు.

జిగురక్క చెప్పింది. తువ్వాలు విప్పుతున్నవాడల్లా ఆయన తల ఎత్తాడు.

"వంతెన కూలే ఘట్టమా! అది లేకుండా ఎలా చదివారమ్మా మీరంతా?"

"చదవలేదండీ" అంది జిగురక్క. "అందుకే ఎవరికీ తెలీలేదు."

లిఫ్టాయన తువ్వాలు మళ్లీ చుట్టేశాడు. "అయితే ఇవ్వను. ఫొటోకాపీ తీసుకుని ఎవరూ చూడని పెట్టెలో పెట్టేస్తారు, అంతేగా? నువ్వు చదువు. నాలుగు వందల ముప్ఫై రెండు దాకా చదువుకుని రా. ఆ తర్వాతి పేజీ నేనిస్తా."

"నేనా? నేను ఏడే చదువుకున్నానండీ."

"నేను అయిదు" అన్నాడాయన. అడ్రసు కాగితం మీద రాసిచ్చి వెళ్లిపోయాడు.

మర్నాటి నుంచి పొద్దున్నే పని మొదలెట్టే ముందు ఓ గంట చదువుదామని కూర్చుంది. ఎంత ఘోరంగా ఉందో! నది వెడల్పు, లోతు, ఏ క్వారీ రాయి ఎంత బరువు, సున్నం ఎన్ని రోజులు నానాలి, ఎన్ని బండ్లు కావాలి... మనిషన్నవాడే కనబడడు. మూడో పేజీకి ఆవలింత, ఆరో పేజీకి కునుకు. ఒకరోజు నుదుటి మీద జిగురు గిన్నె అంచు గుండ్రంగా అచ్చుపడింది. భర్త చూసి, "పుస్తకాన్ని నువ్వు కుడుతున్నావా, అది నిన్ను కుడుతోందా?" అన్నాడు.

వారం తిరిగేసరికి ఆమెకో సంగతి తట్టింది. పుస్తకం ఎలాగూ విప్పే ఉంది కదా. మొత్తం ఎదురుగా పెట్టుకుని బెదిరిపోవడం దేనికి? ఒక్క ఫారం తీసి మడిచి చేతిసంచిలో పెట్టుకుంది. పదహారు పేజీలు. పెళ్లిపత్రిక బరువు కూడా లేదు. బస్సులో చదివింది, కుళాయి దగ్గర బిందె నిండేలోపు చదివింది, రేషన్ వరసలో నిలబడి చదివింది. మర్నాడు ఇంకోటి. ఇటుక బరువు లేకపోయేసరికి కథ బరువూ సగం తగ్గింది.

ఏడో ఫారం చివర్లో తాపీమేస్త్రీ భార్య వచ్చింది. రాళ్లను తట్టి, మోగే చప్పుడును బట్టి లోపల పగులుందో లేదో చెప్పే మనిషి. జిగురక్క బస్సు సీట్లో సర్దుకుని కూర్చుంది. వేలు గీసి పుస్తకం సంగతి చెప్పే తనకు ఆవిడ చుట్టమే అనిపించింది. అప్పుడు వెనక్కి తిరిగి ఆ నూట పది పేజీల రాళ్లూ గుర్తుచేసుకుంటే ఒక్కొక్కటీ ఎందుకుందో తెలిసొచ్చింది. ఏ రాయి మెత్తనిదో, మూడో స్తంభంలో ఏ రాయి పడిందో రచయిత ముందే చెప్పి పెట్టాడు. ఆ భార్యకు తెలుసు, ఇప్పుడు జిగురక్కకూ తెలుసు. మేస్త్రీకే తెలియదు. ఆరోజు దిగాల్సిన చోటు దాటి మూడు స్టాపులు ముందుకు పోయింది.

ఇరవై ఏడో ఫారం చేతిలోకి వచ్చిన రోజు మధ్యాహ్నం అన్నం డబ్బా విప్పకుండానే చదివింది. తెల్లారుతోంది. వంతెన మీద బండ్లు బారులు తీరి వస్తున్నాయి. కింద మూడో స్తంభం దగ్గర మేస్త్రీ నీళ్లలో దిగి ఏదో సరిచేస్తున్నాడు. భార్య వంతెన మధ్యలో నిలబడి ఉంది. కాళ్ల కింద నుంచి ఒక చప్పుడు విన్నది. ఆమె నోరు తెరిచి... అక్కడితో ఫారం అయిపోయింది.

జిగురక్క గదికి తాళం వేసి పరుగులాంటి నడకతో లిఫ్టాయన ఇంటికి వెళ్లింది. ఆయన తలుపు తీసి, ఆమె మొహం చూసి, ఏమీ అడగకుండా పుస్తకం తెచ్చి చేతిలో పెట్టాడు. గుమ్మంలో నిలబడే చదివింది. కూర్చోమన్నా వినిపించుకోలేదు. ఆయన టీ పెట్టి తెచ్చాడు, అది చల్లారిపోయింది. ఆ భార్య కిందనున్న మొగుణ్ణి పిలవలేదు. బండ్లవాళ్లకు అరిచి చెప్పింది. ఆగండి, రావద్దు అని. ఉన్న ఒక్క అరుపూ వాళ్లకే ఖర్చుపెట్టింది. తర్వాత మూడో స్తంభం కూలింది.

జిగురక్క పైటచెంగుతో మొహం కప్పుకుంది.

"ఏడువమ్మా, ఫర్వాలేదు" అన్నాడు లిఫ్టాయన. "నేను ఏడ్చినరోజు లిఫ్టు రెండు, మూడు అంతస్తుల మధ్య ఆపేశాను. లోపల జడ్జిగారున్నారు. ఏమైందయ్యా అన్నారు. వంతెన కూలింది సార్ అన్నా."

ఏడుపులోంచే నవ్వు తన్నుకొచ్చింది ఆమెకు.

మిగిలిన సగం పాతిక రోజుల్లో అవగొట్టింది. మర్నాడు లైబ్రేరియనమ్మాయి దగ్గరకు వెళ్లి నిలబడింది.

"మేడం, దీన్ని ఒక్కటిగా కుట్టొద్దు. పదమూడు భాగాలు చేద్దాం. నాలుగేసి ఫారాలు, ఆఖరిది అయిదు. సంచిలో పట్టేలా. ఒకటి తెచ్చిస్తే ఇంకోటి ఇద్దాం."

అధ్యక్షుడు వింటూనే మండిపడ్డాడు. మహాగ్రంథాన్ని ముక్కలు చేయడమేంటన్నాడు. జిగురక్క దానికీ దారి ఆలోచించే వచ్చింది. తోలు అట్ట, బంగారు అక్షరాలు, అన్నీ చేసిస్తానంది. వారంలో చేసింది కూడా. అంత అందమైన అట్ట ఆమె జన్మలో చేయలేదు.

"లోపల ఉత్త చెక్కే ఉంది సార్" అని ముందే చెప్పింది.

"ఉండనీ, ఎవరు తెరుస్తారు?" అన్నాడాయన తృప్తిగా.

లిఫ్టాయన ప్రతి నుంచి ఇరవై ఎనిమిదో ఫారం ఫొటోకాపీ తీసి జిగురక్క దాని చోట్లో చేర్చింది. పదమూడు సన్నటి పుస్తకాలు నీలం గుడ్డ వెన్నుతో ముందు గది బల్ల మీద కొలువుదీరాయి. మొదటి భాగం బస్సు కండక్టరు తీసుకెళ్లాడు. తర్వాత ఆసుపత్రి నర్సు, బట్టలు కుట్టే అమ్మాయిలిద్దరు, ఒక మెకానిక్కు. ప్రతి ఒక్కరికీ జిగురక్క ఒకే మాట చెప్పేది: "మొదట అంతా రాళ్లే. రెండో భాగందాకా ఓపిక పట్టండి, మనిషొస్తుంది." నెల తిరిగేసరికి ఏడో భాగం కోసం వరస కట్టారు. వంతెన కూలేది అందులోనే. ఏడో భాగం ముగించినవాడు ఎనిమిదోది తెమ్మని కౌంటరు దగ్గర దెబ్బలాడటం ఆ గ్రంథాలయం చరిత్రలో మొదటిసారి. కాలేజీవాళ్లు తమ ప్రతినీ పంపించారు. లిఫ్టాయన ఒకరోజు తువ్వాలు విప్పి తన ఇటుకనూ బల్ల మీద పెట్టాడు.

"దీన్నీ విప్పెయ్. ఇన్నేళ్లూ దీని గురించి మాట్లాడ్డానికి నాకొక్క మనిషి దొరకలేదు."

మూడు జతలయ్యాయి.

ఒక మిట్టమధ్యాహ్నం కుట్టుగది గుమ్మంలో నీడ పడింది. చూస్తే టీచరమ్మ. ముప్ఫై ఏళ్లలో ఎన్నడూ ఆ గదిలో కాలు పెట్టని మనిషి. అట్టల దొంతర పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. కాసేపు దారపు కండెలు చూసింది.

"మొదటి భాగం ఒకటి ఇవ్వు."

"మీరు ఎప్పుడో చదివేశారుగా వదినా?" జిగురక్క గొంతులో కావాలని తెచ్చుకున్న అమాయకత్వం ఉంది. ఈ క్షణం కోసం ఆమె నెలల తరబడి మాటలు నూరి పెట్టుకుంది. స్థాయి గురించి ఒకటి, కుట్టడం గురించి ఒకటి, రిజిస్టరు గురించి ఒకటి.

టీచరమ్మ తల ఎత్తలేదు. "తొంభై ఆరో పేజీ. రెండుసార్లూ అక్కడే ఆగిపోయా. నా వల్ల కాలేదు. గైడు చూసి పాఠం చెప్పా, ఇరవై ఎనిమిదేళ్లు. వంతెన కూలుతుందని పిల్లలకి చెప్పాను మరదలా. ఎలా కూలుతుందో నాకు తెలీదు."

నూరి పెట్టుకున్న మాటలన్నీ ఎక్కడికి పోయాయో పోయాయి. జిగురక్క లేచి, చేతులు తుడుచుకుని, మొదటి భాగం తెచ్చి ఆవిడ ఒళ్లో పెట్టింది.

"ఇంకో ఇరవై పేజీలు చదివుంటే అయిపోయేది వదినా. నూట పది దాటగానే ఆవిడ వచ్చేస్తుంది."

సభరోజు హాలు నిండింది. అద్దాల పెట్టెలో బంగారు అక్షరాలు ధగధగలాడాయి. అధ్యక్షుడు అరగంట మాట్లాడాడు. మహత్తరం, అద్వితీయం, అజరామరం అన్నాడు. వంతెన మాట మాత్రం ఎత్తలేదు. ఆయన కూర్చున్నాక లైబ్రేరియనమ్మాయి మైకు దగ్గరకు వచ్చింది. "ఈ నవల చివరిదాకా చదివినవాళ్లు దయచేసి లేచి నిలబడండి" అంది.

ముందు కండక్టరు లేచాడు. తర్వాత నర్సు, కుట్టుపని అమ్మాయిలు, మెకానిక్కు, లిఫ్టాయన. నడుం పట్టుకుని టీచరమ్మ లేచింది. కుర్చీలు జరిగిన చప్పుడు హాలు వెనకదాకా పాకింది. లైబ్రేరియనమ్మాయి లెక్కపెట్టింది, తనతో కలిపి ముప్ఫై ఎనిమిది మంది. వేదిక మీద కుర్చీల్లో ఉన్న అయిదుగురూ కూర్చునే ఉన్నారు. అధ్యక్షుడు మంచినీళ్ల గ్లాసు అందుకుని చాలాసేపు తాగాడు.

జిగురక్క తలుపు దగ్గరే నిలబడి ఉంది. కండక్టరు, "అక్క మాట్లాడాలి" అని కేకేశాడు. చప్పట్లు మొదలై ఆగలేదు. వేదిక ఎక్కించారు. మైకు రెండు చేతులతో పట్టుకుంది.

"నేనేం చెప్పను? మొదట్లో నాకూ నిద్రొచ్చింది. పుస్తకం మంచిదే. కాకపోతే బరువు. బరువు తగ్గించా, అంతే." కాస్త ఆగి మళ్లీ అంది. "ఆవిడ మొగుణ్ణి పిలవాల్సిందంటారా, వద్దంటారా? నాకు ఇప్పటికీ తేలట్లేదు. ఎవరన్నా చెప్పండి."

అంతే. సభ కాస్తా సంతలా మారింది. నర్సు ఒకటంది, మెకానిక్కు కాదన్నాడు, టీచరమ్మ లేచి ఇద్దరూ తప్పేనంది. ఇటుక గురించి ఆ ఊళ్లో మనుషులు నిజంగా పోట్లాడుకోవడం అదే మొదలు. గంట దాటినా ఎవరూ కదల్లేదు.

ఆ తర్వాత గ్రంథాలయంలో అలా పడివున్న లావు పుస్తకాలన్నీ ఒకటొకటిగా కుట్టుగదికి వచ్చాయి. ప్రతిదాన్నీ ముందు జిగురక్క చదువుతుంది, ఆ తర్వాతే విప్పాలో వద్దో చెబుతుంది. నాలుగో పుస్తకం చాలా పేరున్నది. వెయ్యి పేజీలు. నెలన్నర పట్టింది. ఆఖరి పేజీ చదివాక దాన్ని తీసుకెళ్లి లైబ్రేరియనమ్మాయి బల్ల మీద పెట్టింది.

"ఇది విప్పక్కర్లేదు మేడం."

"ఏమైందక్కా?"

"మొత్తం చదివాను. బాగోలేదు."

అమ్మాయి నోరెళ్లబెట్టింది. ఆ పుస్తకాన్ని అంతమాట అన్నవాళ్లు అంతవరకూ ఎవరూ లేరు. "అంత గొప్ప పుస్తకమక్కా! ఖాయమేనా?"

"వెయ్యి పేజీలూ చదివాను కదా" అంది జిగురక్క, కళ్లద్దాలు సర్దుకుంటూ. "ఇంక చెప్పే హక్కు నాదే." అభిప్రాయాల పుస్తకం ముందుకు లాక్కుని, సంతకం స్థానంలో ఆరోజు మాత్రం తన అసలు పేరు గుండ్రటి అక్షరాల్లో నింపాదిగా రాసింది.